సమాధానం: టార్పాలిన్ నడుమ నీళ్లు నిలవకుండా కట్టేదెట్లా

తమ్ముడూ, దేవరకొండ దగ్గర పల్లి చేను కావలికి నాలుగు గుంజలు పాతి టార్పాలిన్ కట్టావు, మొదటి వానకే నడుమ నీళ్లు నిండి మూల రింగు ఊడి చినిగింది అన్నావు. తప్పు టార్పాలిన్‌ది కాదు, మంచంలా చదునుగా కట్టడమే.

రెండు గుంజలు చాలు. ఛాతీ ఎత్తులో తాడు బిగించి, దాని మీద టార్పాలిన్‌ను రెండు వైపులా వాలేలా వెయ్యి. నీది 12 × 15 అడుగులది కదా, 15 అడుగుల వైపు తాడు వెంట రావాలి. అటూ ఇటూ ఆరేసి అడుగులు దిగుతుంది. గుంజలు లోపలికి వాలకుండా వెనక నుంచి ఒక్కో తాడు లాగు. వానాకాలం మన దగ్గర గాలి ఎక్కువగా పడమటిది, ఆ అంచును నేలకు తాకించు.

చినిగిన మూలను కుట్టకు. నిమ్మకాయంత నున్నటి రాయిని లోపలి నుంచి పెట్టి, టార్పాలిన్‌ను దాని చుట్టూ మూటలా పట్టుకుని మెడ దగ్గర తాడు బిగించు. నాది ఇలాగే మూడు వానాకాలాలు ఆగింది, రింగులే ముందు పోయాయి!

చెల్క నేల, అంటే ఎర్ర ఇసుక నేల, తడిస్తే తాళ్లు కట్టిన మేకులు ఊడొస్తాయి. మూరెడు మేకును తల బయటికి వాలేలా కొట్టి, మీద బండరాయి పెట్టు. తాడు వెంట నీళ్లు లోపలికి పాకితే, అంచుకు బయట తాడుకు గుడ్డపేలిక కట్టు, అక్కడే కారిపోతాయి.

ఉరిమితే మాత్రం చేలో పడే అడవి పందుల సంగతి వదిలేసి ఊళ్లోకి వచ్చెయ్యి.