ఆకు పాలిపోతే ముందు మీటరు తీయండి

ప్రశ్న: గదిలో ఎల్ఈడీ గ్రో లైట్ల కింద కొబ్బరిపొట్టు కుండీల్లో టమాటా, మిరప పెంచుతున్నాను. అడుగు ఆకుల్లో ఈనెకూ ఈనెకూ మధ్య పసుపుపచ్చగా మారుతోంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) మోతాదు పెంచితే ఇంకా ముదిరింది. ఏది తక్కువైనట్టు?

జవాబు: మెగ్నీషియం. నత్రజని తగ్గితే అడుగు ఆకు మొత్తం, ఈనెలతో సహా, ఒకేలా పాలిపోతుంది. పొటాష్ తగ్గితే ముదురాకు అంచులు మాడతాయి. ఈ మూడూ మొక్కలో కదిలే పోషకాలు కాబట్టి, కొరత రాగానే మొక్క ముదురాకుల్లోంచి లాగి లేత చిగుళ్లకు పంపుతుంది. అందుకే దెబ్బ ముందు కింద కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు, వాటి కొరత పైన చిగురులోనే బయటపడుతుంది. మచ్చ ఎలా ఉందన్నదానికన్నా మొదట ఏ ఆకుల్లో వచ్చిందన్నది ముందు చూడండి.

19:19:19 పెంచితే ఎందుకు ముదిరిందంటే, అందులో మెగ్నీషియం లేదు, కాల్షియం లేదు, పొటాష్ మాత్రం దండిగా ఉంది. పొటాష్ ఎక్కువైతే వేరు మెగ్నీషియాన్ని సరిగా తీసుకోలేదు. పైగా కొబ్బరిపొట్టు తనలోని పొటాషియం, సోడియం వదులుతూ, మీరు పోసిన కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. ఆర్వో నీళ్లు వాడుతుంటే నీటి నుంచి వచ్చే కొంచెమూ రాదు.

లీటరు నీటికి 0.5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి రోజువారీ నీళ్లతోనే ఇవ్వండి. లీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల మెగ్నీషియం అందుతుంది. త్వరగా పని జరగాలంటే లీటరుకు 5 గ్రాములు కలిపి, లైట్లు ఆపేముందు ఆకులపై పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి చాలు. 19:19:19 ఒక్కటే ఆధారంగా ఉంచకండి, కాల్షియం నైట్రేట్, సూక్ష్మ పోషకాలు కూడా ఉండే ఎరువుకు మారండి. ఇకపై కొత్త కొబ్బరిపొట్టు తెచ్చినప్పుడు లీటరుకు 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వంచేసి, మంచినీటితో కడిగాకే కుండీల్లో నింపండి.

పాడైన ఆకులు పూర్తిగా కోలుకోవు, వాటిని చూసి మందు పనిచేయలేదనుకోకండి. వారం పది రోజుల్లో పైకి పాకకుండా ఆగితే సరిపోయినట్టే.

ప్రశ్న: మట్టి కుండీలో మిరప. చిగురాకులు నిమ్మపండు రంగుకు తిరిగాయి. ఇనుము కొరతని ఫెర్రస్ సల్ఫేట్ పోశాను, మార్పు లేదు. నీళ్లు బోరువి.

జవాబు: ఇనుము కొరతే, కానీ కుండీలో ఇనుము లేక కాదు. గట్టి నీళ్లలో బైకార్బనేట్లు ఉంటాయి, ప్రతి తడికీ మట్టి ఆమ్ల-క్షార గుణాన్ని తెలిపే పీహెచ్‌ను కాస్త కాస్తగా పైకి నెడతాయి. పీహెచ్ 7 దాటిందంటే మీరు పోసిన ఫెర్రస్ సల్ఫేట్ తుప్పులా మారి వేరుకు అందకుండా పోతుంది. ముందు పీహెచ్ చూడండి: ఒక వంతు మట్టికి రెండు వంతుల ఆర్వో నీళ్లు కలిపి, అరగంట ఆగి, తేటలో మీటరు ముంచండి. మట్టికి 6.0 నుంచి 6.8, కొబ్బరిపొట్టుకూ నీటి సాగుకూ 5.5 నుంచి 6.2 ఉండాలి. మీటరును పీహెచ్ 7, 4 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకోకుండా వచ్చిన అంకెను నమ్మొద్దు. దాని కొనను ఆర్వో నీళ్లలో దాచితే పాడవుతుంది, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలి.

పోసే నీటి పీహెచ్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో 6 దగ్గరికి దించండి. నిమ్మఉప్పుతోనూ దిగుతుంది, కానీ సూక్ష్మజీవులు దాన్ని తినేయగానే మళ్లీ పైకెక్కుతుంది. అప్పటిదాకా ఇనుము కోసం చీలేట్ (ఇనుమును కరిగిన రూపంలోనే పట్టి ఉంచే ఎరువు) వాడండి. అన్ని చీలేట్లూ ఒకటి కాదు: ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే నిలవదు, డీటీపీఏ సుమారు 7.5 వరకు, ఈడీడీహెచ్ఏ 9 దగ్గరా పనిచేస్తుంది. 6 శాతం ఇనుమున్న ఈడీడీహెచ్ఏ పొడి 3 గ్రాములు లీటరు నీటిలో కరిగించి, అందులో 100 మి.లీ. తీసి 10 లీటర్లకు కలపండి. నీళ్లు ఎర్రగా అవుతాయి, భయపడకండి.

ఇంకో మాట. కుండీ ఎప్పుడూ తడిగా, బరువుగా ఉంటే వేర్లకు గాలి ఆడక ఇవే లక్షణాలొస్తాయి. అప్పుడు ఏ మందూ పనిచేయదు, ఆరనివ్వాలి.

ప్రశ్న: ఆకుల కొనలు మాడుతున్నాయి, ఆకులేమో ముదురు పచ్చగా కిందికి వంగి గోళ్లలా ఉన్నాయి.

జవాబు: ఇది కొరత కాదు, ఎక్కువై వచ్చింది. పోసే నీటి ఈసీ (నీటిలో కరిగిన ఉప్పులు ఎంతో తెలిపే కొలత), కుండీ అడుగు నుంచి కారే నీటి ఈసీ రెండూ కొలవండి. మీరు 1.8 పోస్తే 3.5 కారుతోందంటే లోపల ఉప్పు పేరుకుంది. కుండీ పరిమాణానికి రెండు మూడింతల, పీహెచ్ సరిచేసిన పలుచని ద్రావణంతో కడగండి. తర్వాత ప్రతి తడిలో పోసినదాంట్లో పది ఇరవై శాతం కిందికి కారేలా చూసుకోండి. నారుకు ఈసీ 1 లోపు, ఆకుకూరలకు 1.2 నుంచి 1.6, కాపు మీదున్న టమాటాకు 2 నుంచి 3 మిల్లీసీమెన్స్ చాలు.

ప్రశ్న: టమాటాల అడుగు నల్లబడి తోలులా అవుతోంది. కాల్షియం పిచికారీ చేస్తూనే ఉన్నాను.

జవాబు: ఆకు మీద చల్లిన కాల్షియం కాయకు చేరదు. అది వేరు నుంచి నీటితో పాటే పైకి ఎక్కుతుంది, నీరు ఎక్కువగా ఎటు పోతే అటే పోతుంది. నీరంతా ఆకుల్లోంచి ఆవిరవుతుంది కాబట్టి కాయ వాటా ఎప్పుడూ తక్కువే. కాయ గోళీకాయంత ఉన్నప్పుడే దెబ్బ తగులుతుంది, మచ్చ పైకి కనిపించేది తర్వాత.

గదిలో పెంచేవాళ్లకు ఇక్కడ రెండు చిక్కులు. ఎల్ఈడీ లైటు ఆకును పాత సోడియం దీపాలంతగా వేడెక్కించదు, ఆవిరవడం తగ్గుతుంది. దానికి తోడు మూసిన గదిలో తేమ 80 శాతం దాటితే వేరు పైకి లాగేది మరీ తగ్గిపోతుంది. తేమ 60-70 శాతం ఉంచి, చిన్న ఫ్యాను ఆకులు మెల్లగా కదిలేంత గాలి వీచేలా పెట్టండి. గదిలో పెంచే లెట్యూస్‌లో లోపలి లేతాకుల అంచు మాడటానికీ కారణం ఇదే, అక్కడ గాలి పై నుంచి నేరుగా చిగురు మీద పడాలి.

మిగిలింది నీళ్లు పెట్టే తీరు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడం వల్లే ఎక్కువ కాయలు పోతాయి. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వండి. యూరియా, అమ్మోనియం రూపంలో నత్రజని తగ్గించండి, అవి కాల్షియానికి అడ్డొస్తాయి. లీటరుకు 0.8 గ్రాముల కాల్షియం నైట్రేట్‌తో దాదాపు 150 మిల్లీగ్రాముల కాల్షియం అందుతుంది. నల్లబడ్డ కాయలు కోసేయండి, అవి బాగుపడవు.

ప్రశ్న: ఎరువులన్నీ ఒకే సీసాలో చిక్కగా కలిపితే తెల్లగా విరిగిపోయింది.

జవాబు: కాల్షియం నైట్రేట్‌లోని కాల్షియం ఎప్సమ్ సాల్ట్‌లోని సల్ఫేట్‌తో కలిసి జిప్సం అయింది. ఆ ద్రావణం పారేయండి. కాల్షియం, ఇనుము చీలేట్ ఒక సీసాలో, సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఇంకో సీసాలో ఉంచాలి. పూర్తి నీటిలో మొదటిది కలిపి, బాగా తిప్పి, తర్వాతే రెండోది. పీహెచ్ సరిచేయడం చివర.

ప్రశ్న: టమాటా ఆకుల మీద సన్నటి పొక్కుల్లాంటివి. ఏ పోషకం?

జవాబు: ఏదీ కాదు. గదిలో కృత్రిమ కాంతి కింద అతినీలలోహిత కిరణాలు లేకపోవడంతో కొన్ని టమాటా రకాల్లో వస్తాయి, తేమ ఎక్కువైతే పెరుగుతాయి. మందు కొట్టకండి. కానీ పొక్కులు కాక సూది పొడిచినట్టు తెల్లచుక్కలైతే ఆకు తిరగేసి భూతద్దంతో చూడండి, సన్నటి గూడుతో ఆకు రసం పీల్చే నల్లి (స్పైడర్ మైట్) ఉండొచ్చు. పైన దీపానికి దగ్గరున్న ఆకులు మాత్రమే తెల్లబడితే కాంతి ఎక్కువైంది, లైటు కాస్త పైకి జరపండి.