ఎసిఎల్ తెగితే సింథటిక్ లిగమెంట్ వేయించుకోవడం మేలా?

మీ తమ్ముడికి వాలీబాల్ ఆడుతుంటే ఎసిఎల్ (మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కట్టి ఉంచే పట్టీ లాంటి లిగమెంట్) తెగిందనీ, దాని చోట వేయడానికి సొంత టెండన్ (కండని ఎముకకి కలిపే తాడు) కోయించుకోవడం ఎందుకు, సింథటిక్‌ది ఇంకా గట్టిగా ఉంటుందని ఎవరో చెప్పారనీ రాశారు. నా మాట వింటే, మొదటి సర్జరీకి, అదీ కుర్రాడికి, సొంత టెండనే వేయించండి.

గట్టిదనమే లెక్క అనుకుంటే, కుర్రవయసులో ఎసిఎల్ తెగాలంటే సుమారు 2,160 న్యూటన్లు, అంటే 220 కిలోల బరువు లాగినంత బలం కావాలి. 1980ల్లో అమెరికాలో గోర్-టెక్స్ అనే ప్లాస్టిక్ పోగులతో చేసిన లిగమెంట్ 5,000 న్యూటన్ల పైనే తట్టుకునేది. 1986లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి కూడా వచ్చింది. చివరికి ఎముకలో వేసిన రంధ్రం అంచుకి రాసుకుని రాసుకుని పోగులు విడిపోయాయి, మోకాళ్లలో నీరు చేరింది, 1993లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. అంతకుముందు కార్బన్ ఫైబర్ వేసినవాళ్లకి విరిగిన నల్లటి ముక్కలు కీలులో పేరుకున్నాయి. అరిగిన చోట మళ్లీ కట్టుకునే ప్రాణం వాటికి లేదు మరి.

నాది కబడ్డీ దెబ్బ. కూతకి వెళ్లి వెనక్కి తిరుగుతుంటే చీలమండ దొరకబుచ్చుకున్నారు. పాదం అక్కడే ఉంది, ఒళ్లు తిరిగింది, మోకాలిలో టప్‌మంది. సర్జరీకి నడుముకి మత్తిచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. తల తిప్పితే పక్క టేబుల్ కనిపించేది. నా తొడ వెనక నుంచి తీసిన టెండన్లకి అంటుకున్న ఎర్రటి కండని ఒక డాక్టరమ్మ స్టీలు పనిముట్టుతో గీకేసి, కొసలకి కుట్లు వేసి, నాలుగు పేటలుగా మడిచి, బోర్డు మీద బిగలాగి, తడి గాజుగుడ్డ కప్పి వదిలేసింది. ఎందుకలా అని అడిగాను. "ఇప్పుడే సాగనివ్వాలి బాబూ, లోపల పెట్టాక సాగితే మోకాలు లూజైపోతుంది" అంది.

కొత్త నవారు మంచం కొన్నాళ్లకి వదులైతే మళ్లీ బిగిస్తాం కదా, అలాంటిదే ఇది. లిగమెంట్‌లో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు ముడతలుగా ఉంటాయి. కొంచెం లాగితే ముడతలు విచ్చుకుని సులువుగా సాగుతుంది, ఆ తర్వాత బిగుస్తుంది. హఠాత్తుగా లాగితే ఇంకా బిగుస్తుంది. ఈ గుణాన్ని అచ్చంగా తెచ్చిన ప్లాస్టిక్ ఇంతవరకూ లేదు.

సొంత టెండన్‌కీ ఒక గండం ఉంది. లోపల పెట్టాక దాని కణాలు ముందు చచ్చిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు పాకుతాయి. ఆ మధ్య, అంటే మొదటి రెండు మూడు నెలల్లో, అది బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి తగ్గిపోయి కుర్రాళ్లు గ్రౌండ్‌కి పరిగెడతారు. నాకు ఇప్పటికీ మండేది ఇన్సూరెన్స్ మీద. ఆపరేషన్ బిల్లు కట్టారు, నెలల తరబడి చేయాల్సిన ఫిజియోథెరపీకి మాత్రం పైసా ఇవ్వలేదు. డబ్బుల్లేక మా టీమ్ పిల్లలు మధ్యలోనే ఆపేస్తున్నారు. 2016లో వచ్చిన డెలావేర్-ఆస్లో అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకీ మోకాలికి మళ్లీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగం తగ్గింది.

రెండోసారి తెగినప్పుడో, మూడు నాలుగు లిగమెంట్లు ఒకేసారి పోయినప్పుడో సింథటిక్ టేపు తోడు వేయడం వేరే సంగతి, అది డాక్టర్ తేల్చాలి. మీ తమ్ముణ్ని మాత్రం తొమ్మిది నెలలు దాటాక, ఆపరేషన్ కాలి తొడ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం వచ్చిందని పరీక్షలో తేలాకే కోర్టులోకి దిగనివ్వండి.