ప్రామాణిక నమూనాను పరీక్షించేదెవరు?

ప్రశ్న: ఆదిలాబాద్ ప్రాంతపు నల్లరాతి నమూనాల అయస్కాంతత్వాన్ని కొలిపించడానికి ఒక ప్రయోగశాలకు వెళ్లాను. పరికరంలో ముందు మా రాయిని కాకుండా తయారీదారు ఇచ్చిన ప్రామాణిక నమూనాను (అయస్కాంతత్వం ఎంతో ముందే తెలిసినదాన్ని) పెట్టారు. ప్రతి పది రాళ్లకు ఒకసారి మళ్లీ దాన్నే పెట్టారు. అంత అవసరమా? ఆ నమూనాయే తప్పయితే ఎలా తెలుస్తుంది?
– భూగర్భశాస్త్ర విద్యార్థి, హనుమకొండ

జవాబు: అవసరమే. మీ నల్లరాయిగా గట్టిపడిన దక్కను లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట చల్లారుతూ అప్పటి భూ అయస్కాంత క్షేత్రపు దిశను తనలో నిలుపుకుంది. ఆ దిశ క్షితిజ తలంతో చేసే కోణపు టాంజెంటు, ఆనాటి అక్షాంశపు టాంజెంటుకు రెట్టింపు ఉంటుందన్న సూత్రంతోనే ఈ నేల అప్పుడు ఏ అక్షాంశం మీద ఉండేదో లెక్కగడతారు. పరికరం మూడు అక్షాల్లోనూ ఒకే నిష్పత్తిలో తక్కువ చూపితే బలం తప్పుతుంది గాని దిశ మారదు. నిలువు అక్షం ఒక్కటే 10 శాతం తక్కువ చూపితే మాత్రం 49 డిగ్రీల కోణం 46గా నమోదవుతుంది. అక్షాంశంలో అది రెండున్నర డిగ్రీల తేడా. నేల మీద సుమారు 280 కిలోమీటర్లు, అంటే వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లి తిరిగి వచ్చేంత దూరం. అందుకే ప్రామాణిక నమూనాను ఒకే భంగిమలో పెట్టి సరిపెట్టుకోకూడదు. తలకిందులు చేసినప్పుడు అదే విలువ వ్యతిరేక గుర్తుతో రావాలి.

మధ్యమధ్య మళ్లీ పెట్టడం పరికరం చూపే అంకె క్రమంగా పక్కకు జరిగిపోతున్నదేమో చూడటానికి. పదో రాయి తర్వాత విలువ మారిందంటే ఆ పదింటినీ తిరిగి కొలవాల్సిందే.

మీ రెండో ప్రశ్న అసలైనది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు తూచే కాంటా 50 కిలోల బాటుకు సరిగ్గా చూపినంత మాత్రాన దాని మీద బంగారం తూచలేం. అలాగే బలమైన ప్రామాణిక నమూనా మీ నల్లరాయికి భరోసా ఇస్తుంది గాని, దానికంటే వందల రెట్లు బలహీనమైన గోదావరి లోయ ఇసుకరాయికి ఇవ్వదు. అక్కడ రాయిని పట్టి ఉంచే ఖాళీ హోల్డరుకు అంటిన దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. దీనికి మంచి ఉపాయం చిన్న తీగచుట్ట. చదరపు సెంటీమీటరు వైశాల్యంతో 10 చుట్లు చుట్టి 1 మిల్లీఆంపియర్ కరెంటు పంపితే, దాని అయస్కాంత భ్రామకం (అయస్కాంతంగా దాని మొత్తం బలం) ఒక ఆంపియర్-చదరపు మీటరులో సరిగ్గా పది లక్షలో వంతు. తయారీదారు మాటతో పనిలేదు. కరెంటు తగ్గిస్తూ పోతే బలహీన విలువల దగ్గరా పరీక్ష జరుగుతుంది. కాకపోతే నమూనాను వేగంగా తిప్పి కొలిచే యంత్రాల్లో తీగలు వేలాడదీయడం కుదరదు కాబట్టి, అక్కడ ఇదే చుట్టతో సరిచూసిన వేరే పరికరంలో ప్రామాణిక నమూనాను కొలిచి తెస్తారు.

ప్రామాణిక నమూనాకూ ఆయుష్షు ఉంటుంది. అయస్కాంతత్వాన్ని తుడిచే యంత్రం పక్కన, ఫోను స్పీకరు దగ్గర పెడితే అది మారిపోవచ్చు. వేడెక్కితే బలం కొంత తగ్గుతుంది కాబట్టి, మే నెలలో ఏసీ లేని గదిలో ఉదయపు అంకెకూ మధ్యాహ్నపు అంకెకూ తేడా వస్తే పరికరాన్ని నిందించే ముందు థర్మామీటరు చూడాలి.

మీ ఫలితాల పట్టికతో పాటు ఆ రోజు ప్రామాణిక నమూనాకు, ఖాళీ హోల్డరుకు వచ్చిన అంకెలనూ అడిగి తీసుకోండి.