డిటెక్టర్ సామర్థ్యం 17 శాతమా, 26 శాతమా?

ప్రశ్న: 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే ఇండియం గాలియం ఆర్సెనైడ్ సింగిల్ ఫోటాన్ డిటెక్టర్‌ను పరీక్షిస్తున్నాం. తయారీదారు చెప్పిన సామర్థ్యం, అంటే వచ్చిన ఫోటాన్లలో (కాంతి కణాల్లో) పట్టుకుని పల్స్ ఇచ్చే వంతు, 20 శాతం. డెడ్ టైమ్ (ఒక పల్స్ తర్వాత డిటెక్టర్ పనిచేయని వ్యవధి) 10 మైక్రోసెకన్లు పెడితే మాకు 17 వస్తోంది, 2కి తగ్గిస్తే 26. దేన్ని నమ్మాలి?

జవాబు: రెంటినీ నమ్మకండి. రెంట్లోనూ తప్పుంది, కానీ ఒకే తప్పు కాదు.

17 సంగతి తేలిక. పల్స్ వచ్చిన ప్రతిసారీ డిటెక్టర్ 10 మైక్రోసెకన్లు కళ్లు మూసుకుంటుంది. సెకనుకు 15,000 కౌంట్లంటే 0.15 సెకను చూపు లేనట్టే. 15,000ను 0.85తో భాగించండి, సుమారు 17,650. డార్క్ కౌంట్లు, అంటే చీకట్లో కూడా వాటంతటవే వచ్చే పల్సులు, 1,500 ఉంటే వాటినీ ఇలాగే సవరించి తీసేయండి. మిగిలిన 16,100 చిల్లరను సెకనుకు పంపిన 78,000 ఫోటాన్లతో భాగిస్తే 20.7 శాతం. సవరించకపోతే మీ 17.

అసలు చిక్కు 26తోనే. ఫోటాన్ తగిలినప్పుడు డిటెక్టర్‌లో విరుచుకుపడే విద్యుత్ ప్రవాహమే అవలాంచ్. అందులో పుట్టిన ఆవేశాలు కొన్ని స్ఫటికం లోపాల్లో ఇరుక్కుని, మైక్రోసెకన్ల తర్వాత బయటపడతాయి. అప్పటికే డిటెక్టర్ మేలుకుని ఉంటే ఫోటాన్ రాకుండానే ఇంకో పల్స్ పుడుతుంది. ఇదే ఆఫ్టర్‌పల్సింగ్. చల్లబరిస్తే డార్క్ కౌంట్లు తగ్గుతాయి గానీ ఇది పెరుగుతుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నిలకడగా వెలిగే లేజర్ పెట్టి, వరస పల్సుల మధ్య వ్యవధులకు హిస్టోగ్రామ్ గీయండి, నిలువు అక్షం లాగ్‌లో. అన్నీ నిజం కౌంట్లే అయితే సరళరేఖ వస్తుంది. డెడ్ టైమ్ ముగిసిన చోట రేఖకు పైన మూపురంలా లేచిందా, ఆ లేచినంతా దొంగ కౌంట్లే. మూపురం కనబడనంత వరకు డెడ్ టైమ్ పెంచి, అప్పుడు కొలవండి.

ఆ 78,000ను కూడా అనుమానించాల్సిందే. 10 మైక్రోవాట్ల లేజర్‌ను అటెన్యుయేటర్లతో (కాంతిని తగ్గించే పరికరాలతో) 90 డెసిబెల్స్ తగ్గిస్తే 10 ఫెమ్టోవాట్లు, అంటే సెకనుకు ఆ 78,000 ఫోటాన్లు. ఇది మామూలు పవర్ మీటర్‌కు అందదు. అందుకే మూడు అటెన్యుయేటర్లు వాడి, ఒక్కోదాన్నే 30 డెసిబెల్స్‌లో పెట్టి, మిగతా రెంటినీ సున్నాలో ఉంచి కొలవండి. ఒక్కోదానిలో 0.1 డెసిబెల్ చొప్పున ఒకే వైపు తప్పితే మొత్తం 7 శాతం తేడా. ఫైబర్‌ను మీటర్ నుంచి డిటెక్టర్‌కు మార్చిన ప్రతిసారీ కొస తుడవండి. డార్క్ కౌంట్లతో పాటు, ఫైబర్ బిగించే ఉంచి లేజర్ మాత్రం ఆపి ఒకసారి లెక్కించండి. అవి ఎక్కువొస్తే గది వెలుతురు లోపలికి జొరబడుతున్నట్టే, అప్పుడు తీసేయాల్సింది ఆ అంకెనే.

ప్రశ్న: పవర్ మీటర్ లేకుండా కూడా కొలవచ్చట, ఎలా?

జవాబు: జంట ఫోటాన్లతో. నాన్‌లీనియర్ స్ఫటికంలో పుట్టిన జంటలో ఒకటి వేరే డిటెక్టర్‌కు, రెండోది మీదానికి పంపండి. మొదటిది 10,000 సార్లు పలికినప్పుడు మీది 1,200 సార్లు తోడు పలికితే 12 శాతం. ముందుగా మొదటిదాని డార్క్ కౌంట్లనూ, యాదృచ్ఛికంగా కలిసిన పల్సులనూ తీసేయాలి. అయితే ఆ 12 శాతంలో దారిలోని లెన్సులు, ఫిల్టర్లు, ఫైబర్ తిన్న నష్టం కూడా కలిసి ఉంటుంది. ఆ నష్టాన్ని విడిగా కొలిచి, దారి దాటి వచ్చే ఫోటాన్ల వంతుతో భాగిస్తేనే డిటెక్టర్ అసలు సామర్థ్యం వస్తుంది.