25 శాతం ఉండగానే ఫోన్ ఆగిపోతుంటే

మూడేళ్ల ఫోన్ చార్జ్ ఉండగానే ఆగిపోతోంది, చార్జర్ తప్పా అని అడిగారు. తప్పు చార్జర్‌ది కాకపోవచ్చు. 25 శాతం ఉన్నా కెమెరా తెరవగానే ఆఫ్ అవుతోందంటే, మీ మూడేళ్ల బ్యాటరీ అరిగిపోయినట్టే అనిపిస్తోంది. కెమెరా ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ముసలి బ్యాటరీ వోల్టేజ్ నిలబెట్టలేదు.

1. ముందు బ్యాటరీ హెల్త్ చూడండి, అంటే కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీ ఇప్పుడు ఎంత శాతం చార్జ్ పట్టుకోగలదో. కేబుల్ మారుస్తారు, ఫోన్ రీసెట్ కూడా చేస్తారు గానీ ఇది మాత్రం చాలామంది చూడరు. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీలోనే ఉంటుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కనిపించదు, అప్పుడు సర్వీస్ సెంటర్‌లో టెస్ట్ చేయించండి. హెల్త్ 80 శాతం కంటే తగ్గితే కొత్త బ్యాటరీ వేయించడమే. రీసెట్‌తో ఒరిగేదేమీ లేదు, ఫొటోలు పోవడం తప్ప.

2. "జీరో అయ్యాకే, రోజుకు ఒక్కసారే పెడతా" అన్నారు. అది పాత నికెల్ క్యాడ్మియం బ్యాటరీల నాటి అలవాటు. ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. ప్లగ్ పెట్టిన ప్రతిసారీ ఒక సైకిల్ (మొత్తం 100 శాతం వాడకం) కాదు: ఇవాళ 50, రేపు 50 శాతం వాడితే రెండూ కలిపి ఒకటి. కాబట్టి 20-30 దగ్గరే పెట్టేయండి, ఎన్నిసార్లన్న టెన్షన్ వద్దు.

3. పాప క్లాసుల ట్యాబ్ రోజంతా చార్జర్‌కే ఉంటుందన్నారు. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గరే చార్జింగ్ ఆపే లిమిట్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే నిండాక ప్లగ్ తీసేయండి, వేడెక్కితే కవర్ కూడా.

ట్యాబ్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ ఆపి, నొక్కకుండా, గుచ్చకుండా నేరుగా సర్వీస్‌కి ఇవ్వండి.