కుర్చీ ఇచ్చారు, ఫైలు ఇవ్వడం లేదు

ప్రశ్న: మేడం గారూ, నేను రిటైరైన టీచర్‌ని. ఆదోనిలో ఒక ధర్మాసుపత్రి పాలకవర్గంలోకి నన్ను ఈ ఏడాది తీసుకున్నారు. తొమ్మిది మందిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. తక్కినవాళ్లు రెండు మూడు దాతల కుటుంబాలవాళ్లు. ఇంకొందరు మహిళల్ని తీసుకుందామంటే, ‘అర్హత ఉన్నవాళ్లు దొరకరమ్మా, మీరున్నారు కదా’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: దొరకరా? మీ ఆసుపత్రిలో రాత్రంతా కాన్పుల వార్డు చూసుకునేది ఎవరమ్మా? నేను కర్నూలులో నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నెలకు ఎన్ని సిరంజిలు పడతాయో, ఏ గ్లౌజులు తొడగగానే చిరుగుతాయో కాగితం చూడకుండా చెప్పగలిగిన సిస్టర్లు పత్తికొండ, ఆలూరు వైపు ఇళ్లలో ఊరికే ఉన్నారు. వాళ్ల గడప ఎవరూ తొక్కలేదు, అంతే.

ముందు మీ సంగతి. మిమ్మల్ని వార్షికోత్సవం, అన్నదానం పనులకు పెడతారు. వద్దని, కొనుగోళ్ల కమిటీలో చోటు అడగండి. మందులు ఎవరి దగ్గర కొంటున్నారో, కాన్పుల వార్డుకు ఎంత ఖర్చు పెడుతున్నారో తెలిసేది అక్కడే. ఎజెండా వారం ముందే చేతికి రావాలని ఉత్తరం రాసివ్వండి. మీటింగులు రాత్రిపూట ఎవరింట్లోనో పెడుతుంటే, పగలు ఆసుపత్రిలోనే పెట్టమనండి. రేపు కోసిగి నుంచి వచ్చే సభ్యురాలు బస్సు అందుకోవాలి కదా.

‘లైంగిక వేధింపుల కమిటీలో ఆడవాళ్లున్నారుగా’ అని కూడా అంటారు, చూడండి. 2013 చట్టం ప్రకారం ఆ కమిటీకి అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి. అది వాళ్లు చేసిన ఉపకారం కాదు.

ఇంకో జాగ్రత్త. మహిళలు కావాలనగానే ఆ దాతల ఇళ్ల కోడళ్లనే తెచ్చి కూర్చోబెట్టొచ్చు. కోసిగి, కౌతాళం పల్లెల నుంచి జనం మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే పనుల వలసకు, పోతారు. గర్భిణి ఏడో నెల చెకప్‌కు ఎందుకు రాలేదో ఆ పల్లె మనిషి బోర్డులో ఉంటే ఒక్క మాటలో తేలుతుంది. లేకుంటే ‘వీళ్లకు శ్రద్ధ లేదు’ అని మినిట్స్‌లో రాసుకుని టీ తాగి లేస్తారు. దళితవాడ నుంచి, ఉర్దూ మాట్లాడే పేటల నుంచి కూడా మనుషులు కావాలి.

సభ్యుల పదవీకాలం రాతలో ఉందా? లేకపోతే ఖాళీ ఎప్పటికీ రాదు. ఆసుపత్రిని నడిపేది సొసైటీ అయితే సర్వసభ్య సమావేశంలో బైలా, అంటే సొసైటీ నియమావళి, మార్పు అడగండి. ట్రస్టు అయితే డీడ్, అంటే ట్రస్టు పెట్టినప్పుడు రాసుకున్న పత్రం, కాపీ తీసుకుని, మార్చే వీలుందేమో లాయరుకు చూపించండి. ఈలోగా నాలుగు పేర్లు, వాళ్ల చదువు, అనుభవంతో సహా రాసి సెక్రటరీకి ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోవడం మరవకండి.