ముందు జావాసీ, ఆ తర్వాతే మేవెన్

ప్రశ్న: జావా బాగానే వచ్చు. ఇప్పటిదాకా ఎడిటర్‌లో రన్ బటన్ నొక్కడమే అలవాటు. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం యాంట్, మేవెన్, గ్రేడిల్, జేయూనిట్, సెలీనియం, జెన్కిన్స్ అన్నీ వచ్చుండాలి అంటున్నారు. ఆ పేర్లు చూస్తేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ఆరింటిలో మొదటి మూడూ దాదాపు ఒకే పనికి పుట్టినవి. కోడ్‌ను కంపైల్ చేయించడం, టెస్టులు నడిపించడం, కంపైలైన క్లాసులన్నీ ఒక్కచోట కట్టిన జార్ ఫైల్ తయారు చేయడం. యాంట్ 2000లో వచ్చింది, మేవెన్ 1.0 2004లో, గ్రేడిల్ 1.0 2012లో. ఈ మూడిట్లో ఒకటి బాగా తెలిస్తే మిగతా రెండూ అవసరం పడినప్పుడు వస్తాయి. ఇక జేయూనిట్ టెస్టులు రాయడానికి, సెలీనియం బ్రౌజర్‌ను నడపడానికి, జెన్కిన్స్ ఈ పనులన్నీ దానంతటదే నడిపించడానికి. మీరు మేవెన్ పట్టుకోండి. అయితే ఈ వారం మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

ఈ వారం టెర్మినల్ తెరిచి, రెండు క్లాసులున్న చిన్న ప్రోగ్రామ్‌ను జావా కంపైలర్ అయిన జావాసీ కమాండ్‌తో మీ చేత్తో మీరే కంపైల్ చేయండి. క్లాస్ ఫైళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. వాటిని వేరే ఫోల్డర్‌లోకి పంపండి. తర్వాత బయటి లైబ్రరీ ఒకటి తెచ్చి, కోడ్‌లో ఇంపోర్ట్ చేయండి. ‘ప్యాకేజ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని ఎర్రర్ వస్తుంది. ఆ జార్ ఎక్కడుందో క్లాస్‌పాత్‌లో, అంటే జావా క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితాలో, చెబితే కంపైల్ అవుతుంది. రన్ చేస్తే మళ్లీ ఆగిపోవచ్చు, ఎందుకంటే మీరు తెచ్చిన లైబ్రరీకి ఇంకో లైబ్రరీ కావాలి, దానికి మరొకటి. ఇలా నాలుగైదు జార్లు వెతికి తెచ్చుకున్నాక మేవెన్ ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు పామ్ ఫైల్ రాయండి, మీ ప్రాజెక్టుకు ఏమేం కావాలో మేవెన్‌కు చెప్పే ఫైల్ అది. ఎక్కడినుంచో కాపీ చేయకండి, ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టి మీరే టైప్ చేయండి. గ్రూప్ ఐడీ, ఆర్టిఫాక్ట్ ఐడీ, వెర్షన్: ఈ మూడూ కలిస్తేనే ఒక లైబ్రరీ చిరునామా. అది చూసి మేవెన్ సెంట్రల్ రిపాజిటరీ నుంచి జార్‌ను, దానికి కావలసినవాటిని కూడా దించి, మీ హోమ్ ఫోల్డర్‌లోని ‘డాట్ ఎమ్‌టూ’ లోపల దాచుకుంటుంది. మొదటిసారి స్క్రీన్ నిండా డౌన్‌లోడ్ లైన్లు పరుగెడతాయి. కంగారు పడకండి, రెండోసారి అవి ఉండవు.

మేవెన్ పని దశల వారీగా సాగుతుంది. కంపైల్, టెస్ట్, ప్యాకేజ్, వెరిఫై, ఇన్‌స్టాల్, డిప్లాయ్ అనేవి ముఖ్యమైనవి. ప్యాకేజ్ అడిగితే దాని ముందున్న దశలన్నీ నడుస్తాయి. అందుకే ఒక్క టెస్ట్ ఫెయిలైనా జార్ తయారు కాదు. ఈ పట్టుదల నాకు చాలా ఇష్టం. తొందరలో టెస్టులు వదిలేసే ఆప్షన్ పెట్టి జార్ తీసే అలవాటు మీకు రానివ్వకండి.

మేవెన్‌లో నేను అందరికంటే ముందు నేర్పించే కమాండ్ ‘డిపెండెన్సీ ట్రీ’. మీ ప్రాజెక్టులోకి ఏ లైబ్రరీ ఎవరి వెంట వచ్చిందో కొమ్మలుగా చూపిస్తుంది. రెండు లైబ్రరీలు మూడోదాని వేర్వేరు వెర్షన్లు అడిగితే మేవెన్ కొత్తదాన్ని తీసుకుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ ట్రీలో మీ ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఇద్దరూ సమాన దూరంలో ఉంటే పామ్‌లో ముందు రాసిన దాని మాట చెల్లుతుంది. అలా పాత వెర్షన్ లోపలికి వస్తే కంపైల్ చక్కగా అవుతుంది, రన్ చేశాక ఎక్కడో ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’ అని పడిపోతుంది. మీ కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు, తప్పు అక్కడ లేదు కాబట్టి. అలాంటప్పుడు ట్రీ తెరవండి. ఏ వెర్షన్ కావాలో పామ్‌లో మీరే నేరుగా రాసేస్తే, అందరికంటే దగ్గరగా ఉన్నది అదే అవుతుంది.

ప్రశ్న: జేయూనిట్‌తో టెస్టులు రాశాను. మేవెన్ ఎప్పుడూ ‘బిల్డ్ సక్సెస్’ అంటోంది. కావాలని తప్పు జవాబు పెట్టి చూసినా అదే మాట. ఎందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: కావాలని తప్పు పెట్టి చూశారు చూడండి, అది మంచి పని. టెస్ట్ రాసిన ప్రతి ఒక్కరూ చేయాలి.

మీ టెస్టులు అసలు నడవడం లేదు. ‘బిల్డ్ సక్సెస్’ అన్న ఆఖరి లైన్ వదిలేసి పైకి వెళ్లి, ఎన్ని టెస్టులు నడిచాయో చెప్పే లైన్ చూడండి. అక్కడ సున్నా ఉంటుంది, లేదా ఆ లైనే ఉండదు. టెస్టులు నడిపేది ష్యూర్‌ఫైర్ అనే ప్లగిన్. మామూలుగా అది క్లాస్ పేరు ‘టెస్ట్’తో మొదలైనా, లేక ‘టెస్ట్’, ‘టెస్ట్స్’, ‘టెస్ట్‌కేస్’ అని ముగిసినా మాత్రమే పట్టించుకుంటుంది. ‘చెక్‌టోటల్’ అని పేరు పెడితే దాని కంట పడదు. పేరు సరిగానే ఉంటే, ఫైల్ ‘ఎస్‌ఆర్‌సీ’ కింద ‘టెస్ట్’, దాని కింద ‘జావా’ ఫోల్డర్‌లోనే ఉందా చూడండి. అదీ సరిగానే ఉంటే ష్యూర్‌ఫైర్ వెర్షన్ చూడండి. జేయూనిట్ 5 టెస్టులను అది సొంతంగా గుర్తించడం 2.22.0 నుంచే మొదలైంది. పాత పామ్ కాపీ చేసుకున్నవాళ్లకు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తగులుతుంది.

టెస్ట్ నడిచి, ఫెయిలయ్యాక ఆ మెసేజ్ ఓపిగ్గా చదవండి. రెండు విలువలు సమానమా అని చూసే అసర్ట్ ఈక్వల్స్‌లో రావలసిన విలువ ముందు, వచ్చిన విలువ తర్వాత రాయాలి. తారుమారు చేసినా టెస్ట్ పాస్, ఫెయిల్ మారవు గానీ, ఫెయిలైనప్పుడు మెసేజ్ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇంకో మాట. జేయూనిట్ తొలి రూపాన్ని కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో ఒక విమాన ప్రయాణంలో కలిసి రాశారు. ఇప్పుడది బాగా పెరిగింది, అయినా సోర్స్ అంతా అందరికీ తెరిచే ఉంది. అసర్ట్ ఈక్వల్స్ దగ్గర ఎడిటర్‌లో లోపలికి వెళ్లి చదవండి, మీ స్థాయికి అర్థమయ్యే కోడే.

ప్రశ్న: మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నాను. జావా కొద్దిగా వచ్చు. నేరుగా సెలీనియం నేర్చుకోవచ్చా?
– ఒక టెస్టర్

జవాబు: నేర్చుకోవచ్చు, కానీ పైన ఇద్దరికీ చెప్పింది కూడా చేయండి. సెలీనియం బ్రౌజర్‌ను నడుపుతుంది, అంతే. ఫలితం సరైందా కాదా అని తేల్చేది జేయూనిట్ లాంటిది. అది రాకుండా సెలీనియం నేర్చుకుంటే, బటన్లు వాటంతటవే నొక్కుకుంటుంటే చూస్తూ కూర్చోవడమే మిగులుతుంది.

పేజీ లోడయ్యేదాకా ఆగడానికి ‘థ్రెడ్ స్లీప్’ వాడొద్దు. ఐదు సెకన్లు పెడితే, పేజీ ఒక సెకనులో వచ్చినా ఐదూ ఆగాలి, ఆరు పడితే టెస్ట్ ఫెయిల్. సెలీనియంలోని ‘వెబ్‌డ్రైవర్ వెయిట్’తో, ఫలానా బటన్ నొక్కే స్థితికి వచ్చేదాకా ఆగమని చెప్పండి. ఇవాళ పాసై, రేపు కారణం లేకుండా ఫెయిలయ్యే టెస్టుల్లో చాలావాటి జబ్బు ఇదే. వాటిని టీమ్ నమ్మడం మానేస్తే మీరు పడ్డ శ్రమంతా వృథా.

ఏ స్క్రీన్‌లో ఏం తప్పొచ్చే అవకాశం ఉందో మీకు ముందే తెలుసు. మీరు చేత్తో రోజూ చేసి విసిగిపోయిన కేసుల్లో, ఎప్పుడూ మారని లాగిన్ లాంటిదాన్ని ముందు ఆటోమేట్ చేయండి. వారానికోసారి డిజైన్ మారే పేజీని చివరికి ఉంచండి.